అవును, మా ఆవిడ దగ్గరికే పోతున్నాను

నాకు బ్రిటన్ వీసా వచ్చిందని తెలిసినప్పటి నుంచి ఫోన్ ఆగడం లేదు. కొందరు ఏమేం పేపర్లు పెట్టావు, ఎంత ఖర్చయింది, ఏజెంటు ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు. వాళ్లకు నిజంగా అవసరం, ఇంట్లో కూతురో చెల్లెలో రేపు ఇదే దారిలో పోవాల్సి ఉంది. ఇంకొందరు, ముఖ్యంగా మా బంధువుల్లో పెద్దవాళ్లు, ఒకటే మాట అడుగుతున్నారు: "ఏమప్పా, పెండ్లాం ఎనకాల పోతాండావంట?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. అవును, పోతున్నాను. ఎట్లా పోతున్నానో, ఎవరి కష్టం మీద పోతున్నానో కూడా చెప్తాను.

మా ఆవిడ నర్సు. పుట్టిల్లు చిత్తూరు పక్కన బంగారుపాళ్యం వైపు, వాళ్ల నాయనకు తోతాపురి మామిడి తోట. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ చదివి, చెన్నైలో కొన్నాళ్లు పని చేసి, 2019లో ఇంగ్లండ్ పోయింది. అక్కడ నర్సుగా రిజిస్టర్ కావాలంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ పరీక్ష రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది కంప్యూటర్ మీద ఇక్కడే రాయొచ్చు. రెండోది ఆస్కీ, అక్కడికి పోయి, పేషెంట్‌కు చేసినట్టే అన్నీ చేతులతో చేసి చూపించాలి. అది పాసయి కాస్త కుదురుకుందో లేదో కోవిడ్ వచ్చి పడింది. 2020లో మనమంతా తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు తను వార్డులో ఉంది, ఇంటికి ఫోన్ చేసి బాగున్నానని మాత్రం చెప్పేదట. అట్లా అయిదేళ్లు పని చేశాక 2024లో ఐఎల్ఆర్ వచ్చింది, అంటే గడువు లేకుండా అక్కడ ఉండిపోవడానికి అనుమతి. మా పెళ్లి ఆ తర్వాతే, 2025 మొదట్లో.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే నా వీసా ఫైల్లో నా గురించి ఉన్నది చాలా తక్కువ. నా పాస్‌పోర్టు, టీబీ సర్టిఫికెట్, ఇంగ్లిష్ పరీక్ష ఫలితం, అంతే. మిగతావన్నీ తనవే. తన జీతం, తన బ్యాంకు, తన ఇల్లు, తన ఐఎల్ఆర్. బ్రిటన్‌లో ఉన్న భార్య దగ్గరికో భర్త దగ్గరికో పోయేవాళ్ల వీసా అట్లాగే ఉంటుంది, అక్కడున్న మనిషి స్పాన్సర్, ఆ మనిషి ఏడాదికి కనీసం ఇంత సంపాదించాలని ఒక గీత ఉంటుంది. 2012 నుంచి ఆ గీత 18,600 పౌండ్ల దగ్గర ఉండేది. 2024 ఏప్రిల్ 11న ఒక్కసారిగా 29,000 చేశారు. దాన్ని దశలవారీగా 38,700 దాకా తీసుకుపోతామని అప్పటి ప్రభుత్వం చెప్పింది, తర్వాత వచ్చిన ప్రభుత్వం పెంపు ఆపి, ఎంత ఉండాలో చూసి చెప్పమని వలస సలహా కమిటీకి అప్పజెప్పింది. ఆ కమిటీ 2025 జూన్‌లో రిపోర్టు ఇచ్చింది. నేను అప్లై చేసేటప్పటికి 29,000 అట్లాగే ఉంది.

ఆ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. ఎన్‌హెచ్‌ఎస్‌లో (అక్కడి ప్రభుత్వ వైద్య సేవలో) కొత్తగా చేరే నర్సుది బ్యాండ్ 5 అనే జీతం శ్రేణి, ఇంగ్లండులో 2024-25లో దాని మొదటి మెట్టు జీతం 29,970 పౌండ్లు. అంటే అంత చదువు చదివి, అన్ని పరీక్షలు రాసి చేరిన నర్సుకు కూడా గీతకు పైన మిగిలేది వెయ్యి పౌండ్ల లోపు. వారానికి ఒక రోజు డ్యూటీ తగ్గించుకుంటే గీత కిందికి పోతుంది. మరి కేర్ హోముల్లో ముసలివాళ్లకు స్నానాలు చేయించేవాళ్లు, షాపుల్లో పని చేసేవాళ్లు భర్తనో భార్యనో ఎట్లా పిలిపించుకోవాలి? జీతం లేకపోయినా పొదుపు చూపించొచ్చని రూల్ ఉంది కానీ, ఒక్క పొదుపుతోనే అయితే 88,500 పౌండ్లు ఆరు నెలలుగా బ్యాంకులో ఉండాలి. మన లెక్కలో దగ్గరదగ్గర కోటి రూపాయలు. కాపురం చేసుకోవడానికి ఇంత అని ధర కట్టడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. నాకు వీసా వచ్చినా ఆ అభిప్రాయం మారలేదు.

మా ఆవిడకు ఆరేళ్ల సర్వీసు, నైట్ షిఫ్టుల అలవెన్సు ఉన్నాయి కాబట్టి మాకు గీత దాటడం ఇబ్బంది కాలేదు. నేను తిరుపతిలో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. నా జీతం ఒక్క రూపాయి కూడా లెక్కలోకి రాదు, ఎందుకంటే బయటి దేశం నుంచి అప్లై చేసేటప్పుడు స్పాన్సర్ ఉద్యోగం జీతమే చూస్తారు. ఈ సంగతి మా పెద్ద మామకు చెప్తే "అంటే ఆ యమ్మి సంపాదనతోనే నిన్ను రమ్మంటారా" అని బాధపడ్డాడు. ఆయన బాధ నిజమైనదే, ఎగతాళి కాదు. మా వైపు ఇల్లరికం పోయినవాణ్ణి ఎట్లా చూస్తారో ఆయనకు తెలుసు. నేను ఆయనకు చెప్పింది ఒకటే. మా అమ్మ తన ఊరు వదిలి మా నాయన దగ్గరికి వచ్చింది, అక్క వదిలి బావ దగ్గరికి చిత్తూరు పోయింది, వాళ్లు పోయినప్పుడు ఎవరూ ఫోన్ చేసి ఈ మాట అడగలేదు. ఉద్యోగం ఎవరిది గట్టిదో, ఎవరు ఎక్కువ కష్టపడి ఒక చోట నిలబడ్డారో అక్కడ కాపురం పెట్టుకుంటే తప్పేముంది మామా అన్నాను. ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలియదు కానీ ప్రయాణానికి సూట్‌కేసు కొనిచ్చింది ఆయనే.

ఇక పేపర్ల సంగతి, అడిగినవాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. తన వైపు నుంచి ఆరు నెలల పే స్లిప్పులు, ఆ జీతం పడినట్టు అవే నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు (పే స్లిప్పులో అంకె, బ్యాంకులో పడిన అంకె సరిపోవాలి), ఎన్నాళ్లుగా పని చేస్తోందో, జీతమెంతో రాసిన ఆసుపత్రి లెటర్. ఇల్లు ఉండాలి. మనకంటూ ఒక గది ఉండి, ఇల్లు ఇరుకు కాకపోతే చాలని రూల్ చెప్తుంది. తను అంతవరకు ముగ్గురు మలయాళీ నర్సులతో కలిసి ఒక ఇంట్లో ఉండేది, అయినా నేను వస్తున్నానని చిన్న ఫ్లాట్ అద్దెకు తీసుకుంది. తాళాలు చేతికొచ్చిన రోజు వీడియో కాల్ చేసి ఖాళీ గదులు ఒక్కొక్కటీ తిప్పి చూపించింది, వంటగదిలో కిటికీ ఎటు ఉందో, కుక్కర్ ఎక్కడ పెడుతుందో, నా పుస్తకాలకు ఏ గోడ వదిలిందో. ఆ అద్దె అగ్రిమెంటు కూడా ఫైల్లోకి పోయింది.

నా వైపు నుంచి ముఖ్యమైనది మ్యారేజ్ సర్టిఫికెట్. పెళ్లి తిరుమల కొండమీద ఒక మఠంలో చేసుకున్నాం, కొద్దిమందితో. తనకు దొరికిందే చిన్న సెలవు, అందుకని పెళ్లి బట్టల మడత కూడా పోకముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టాలి, సాక్షులు కావాలి, శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసు రుజువులు కావాలి. ఇట్లాంటి పెళ్లి మీ ఇంట్లో ఉంటే దయచేసి అబ్బాయో అమ్మాయో విమానం ఎక్కకముందే ఈ పని పూర్తి చేయించండి. వాళ్లు వెనక్కి పోయాక సంతకం కోసం మళ్లీ టికెట్ కొనుక్కుని రావాల్సి వస్తుంది. మొదటి శుభలేఖ ఆనవాయితీ ప్రకారం స్వామివారికి పోస్టులో పంపించాం, తిరుమల నుంచి తలంబ్రాలు, కుంకుమ వచ్చాయి. ఇంకో శుభలేఖ అనువాదంతో సహా బ్రిటన్‌లో వీసాలు చూసే హోమ్ ఆఫీసుకు పోయింది. ఇంగ్లిషులో లేని ప్రతి కాగితానికీ సర్టిఫై చేసిన అనువాదం జతపరచాలి.

ఇంటిపేర్లతో మనవాళ్లందరికీ ఉండే తలనొప్పి నాకూ ఉంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, డిగ్రీలో ఒక అక్షరం మాత్రమే. మా ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, మార్చలేదు, వీసా కోసం మార్చాల్సిన అవసరం కూడా లేదు. ఆ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి, కవరింగ్ లెటర్‌లో రెండు లైన్లు రాశాను. ఎవరూ దాని గురించి మళ్లీ అడగలేదు.

అన్నిటికంటే కష్టమైంది మా సంబంధం నిజమైనదని చూపించడం. మాది పెద్దలు కుదిర్చిన పెళ్లి. తను సెలవులో వచ్చినప్పుడు వాళ్ల ఇంట్లో చూసుకున్నాం, మాట్లాడుకున్నాం, తర్వాత నెలల తరబడి ఫోన్లోనే. చలికాలంలో మనకూ వాళ్లకూ అయిదున్నర గంటల తేడా, ఎండాకాలంలో నాలుగున్నర. తన నైట్ డ్యూటీ పొద్దున ఎనిమిదికి అయిపోతే మనకు మధ్యాహ్నం అవుతుంది, సరిగ్గా నా లంచ్ టైమ్. తను బస్సులో ఇంటికి పోతూ, నేను స్టాఫ్ రూములో క్యారియర్ విప్పుకుని, అట్లా మాట్లాడుకున్నాం. బస్సులో నిద్రపోయి స్టాప్ దాటిపోతుందేమోనని నేను ఫోన్ పెట్టేసేవాణ్ణి కాదు. ఇవన్నీ ఇప్పుడు రుజువులు కావాలి. కాల్ లిస్టులు, చాట్‌లు, ఆమె నాకు పంపిన పార్సిల్ రసీదు, ఫొటోలు. చాట్ మొత్తం పెట్టాల్సిన పని లేదు, నెలకు కొన్ని పేజీలు చాలు. కానీ ఆ కొన్ని ఏవి? ఒక రాత్రి వార్డులో ఒక ముసలాయన చనిపోయాడని, ఆయన చెయ్యి తను పట్టుకుని కూర్చుందని రాసిన మెసేజ్ ఉంది. అది మా ఇద్దరి మధ్య చాలా పెద్ద మాట. దాన్ని పెట్టలేదు. ఎవరో అధికారి టేబుల్ మీద ఆ మాట ఉండటం నాకు ఇష్టం లేకపోయింది, తనకూ ఇష్టం లేదు. "తిన్నావా, పడుకున్నావా, చలిగా ఉందా" అనేవి పెట్టాం. బాలాజీ కాలనీలో జిరాక్స్ షాపు ఆయన అవన్నీ ప్రింట్ తీసి, అనువాదాలతో కలిపి స్కాన్ చేస్తూ ఒక్కసారి కూడా కళ్లు ఆ అక్షరాల మీద నిలపలేదు. పేజీలు బోర్లా పెట్టి, లెక్క చూసి, కవర్లో వేసి ఇచ్చాడు. ఆయన పద్ధతికి నేను రుణపడి ఉంటాను.

ఇంగ్లిష్ పరీక్ష గురించి చాలామంది భయపడుతున్నారు. మొదటి వీసాకు అడిగేది ఏ1, అన్నిటికంటే కింది మెట్టు, మాట్లాడటం, వినడం మాత్రమే. ఎస్వీ యూనివర్సిటీలో నా పీజీ ఇంగ్లిష్ మీడియమే, దాన్ని అక్కడి ఎక్‌టిస్ అనే సంస్థతో ధ్రువీకరించుకుంటే పరీక్ష అక్కర్లేదు, కానీ నాకు పరీక్ష రాసేయడమే సులువనిపించి చెన్నై పోయి ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ రాశాను. ఇద్దరిని కలిపి కూర్చోబెడతారు, పావుగంట పైన కొంచెం, అంతే. నా జోడీగా వచ్చిన అమ్మాయిది రాయచోటి వైపు, బర్మింగ్‌హామ్‌లో ఉన్న భర్త దగ్గరికి పోవాలి, చేతులు వణుకుతున్నాయి. తిండి గురించి మాట్లాడుకోమన్నారు. మీ ఇంటి ఆవిడకు ఏమిష్టం అని ఆ అమ్మాయి ఇంగ్లిషులో అడిగితే రాగి సంగటి అన్నాను, అదేంటని పరీక్ష పెట్టే ఆవిడ అడిగితే ఇద్దరం కలిసి చేతులతో ముద్ద చేసి చూపించి మరీ చెప్పాం. ఆ దెబ్బకు ఆ పిల్ల టెన్షన్ పోయింది. బయటికి వచ్చాక "అన్నా, అక్క అక్కడుంటే మీరు పోతున్నారా" అని ఆశ్చర్యపోయి, కొంచెంసేపు ఆలోచించి, "మంచిదేలే అన్నా" అంది. నన్ను అడిగినవాళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆ అమ్మాయే.

టీబీ టెస్టు కూడా చెన్నైలోనే చేయించుకున్నాను. ఆరు నెలల కంటే ఎక్కువ కాలానికి మన దేశం నుంచి పోయేవాళ్లకు అది తప్పనిసరి, వాళ్లు ఒప్పుకున్న క్లినిక్కుల్లోనే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి, సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. వేలిముద్రలు, ఫొటో కూడా అక్కడే. పుత్తూరు, నగరి మీదుగా బస్సులో పోయి రావడం తప్ప ఇందులో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

డబ్బు. 2025లో నేను కట్టినప్పుడు అప్లికేషన్ ఫీజు 1,938 పౌండ్లు. దానిమీద అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకునేందుకు హెల్త్ సర్‌ఛార్జి ఏడాదికి 1,035 చొప్పున, 33 నెలల వీసాకు మూడేళ్లుగా లెక్కేసి 3,105. రెండూ కలిపితే 5,043, అంటే అయిదున్నర లక్షలు దాటుతుంది, పరీక్షలు, ప్రయాణాలు, విమానం టికెట్ వేరే. హెల్త్ అండ్ కేర్ వీసా మీద పోయే నర్సులకు ఆ సర్‌ఛార్జి లేదు. కానీ ఆ నర్సుకు ఐఎల్ఆర్ వచ్చాక ఆమె మొగుడిగా పోయేవాడు మొత్తం కట్టాలి. తను ఆరేళ్లుగా రాత్రింబవళ్లు పని చేస్తున్న ఆసుపత్రుల కోసమే ఆ డబ్బు అంటే నాకు మనసుకు కష్టంగానే అనిపించింది. ఆ ఎండాకాలం తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఆ పరిస్థితిలో కూడా మామగారు ఫోన్ చేసి "ఏమన్నా కావాల్నా అబ్బోడా" అని అడిగాడు. వద్దన్నాను. సగం తను, సగం నేను వేసుకున్నాం. నా సగానికి కోఆపరేటివ్ సొసైటీలో లోన్ తీసుకున్నాను, ఇంకా కడుతున్నాను.

ఫీజు కట్టిన వారంలో అమ్మను తీసుకుని కొండకు పోయాను. పుష్కరిణి గట్టున వరాహస్వామి దర్శనం ముందు చేసుకుని, తర్వాతే శ్రీవారి దర్శనం, అది కొండ ఆచారం. అక్కడ మెట్ల మీద కూర్చున్నప్పుడు నేను అడక్కుండానే అమ్మ అంది: "స్వామి ఈడికి వచ్చినప్పుడు ఈ కొండ వరాహస్వామిదిరా. ఉండేదానికి జాగా కావాలని ఆయన్ని అడిగే ఉన్నాడు. నీకేం నామోషీ?" చిన్నప్పటి నుంచి విన్న కథే. లక్ష్మీదేవి అలిగి వైకుంఠం వదిలి పోతే ఆమెను వెతుక్కుంటూ స్వామి భూమ్మీదికి వచ్చాడు, నూరడుగుల చోటు ఇమ్మని వరాహస్వామిని అడిగాడు. మొదటి దర్శనం, మొదటి పూజ, మొదటి నైవేద్యం నీకే అనే షరతుకు ఒప్పుకున్నాడు, ఈ రోజుకీ ముందు నైవేద్యం వరాహస్వామికే పోతుంది. పద్మావతమ్మతో పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, కలియుగం అంతా వడ్డీ కడుతున్నాడని మనం హుండీలో వేస్తూనే ఉన్నాం. ఎన్నిసార్లు విన్నా ఈ కథలో అనుమతి, షరతు, అప్పు ఉన్నాయని నాకు తట్టలేదు. ఆ రోజు అమ్మ నోట వింటే గుండె నిండిపోయింది. ఫోన్ చేసి అడిగే పెద్దవాళ్లకు ఇప్పుడు నేను చెప్పే జవాబు అమ్మ చెప్పిందే.

తర్వాత ఎదురుచూపు. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, మెయిల్ తెరిచి చూడటం, మూసేయడం. ఒకరోజు సెకండియర్ వాళ్లకు ఇంటిగ్రేషన్ చెప్పి బయటికి వచ్చి చూస్తే వచ్చేసింది. తను అప్పుడు నైట్ డ్యూటీ దిగి నిద్రలో ఉంది, లేపాను. "నిజంగానా బావా" అని ఒకటికి రెండుసార్లు అడిగి, ఏడ్చేసింది.

ఇచ్చిన అనుమతి 33 నెలలకు. ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, ప్రభుత్వం ఇచ్చే సాయాలు మాత్రం తీసుకోకూడదు. ఇంతకు ముందు చేతికి ఒక కార్డు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు అది లేదు, అంతా ఆన్‌లైన్‌లో ఈ-వీసా. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకో ఉద్యోగమిచ్చేవాళ్లకో చూపించాలంటే అందులోంచి షేర్ కోడ్ తీసి ఇవ్వాలి, అది 90 రోజులు పని చేస్తుంది. గడువు లోపల ఇంకో రెండున్నరేళ్లకు పొడిగించుకోవాలి, అప్పుడు ఇంగ్లిష్ ఏ2, అంటే ఏ1కు పై మెట్టు. 2025లో ఉన్న రూల్ ప్రకారం అయిదేళ్లు నిండాక ఐఎల్ఆర్‌కు పెట్టుకోవచ్చు, దానికి ఇంకో మెట్టు పైన బీ1, లైఫ్ ఇన్ ద యూకే అనే పరీక్ష, 24 ప్రశ్నల్లో 18 సరిగ్గా రాయాలి.

ఇక్కడ ఒక మాట, ఆ రాయచోటి అమ్మాయి లాంటి పిల్లల ఇళ్లలోవాళ్లు తప్పకుండా చదవాలి. ఈ వీసా పెళ్లి మీద నిలబడింది, పెళ్లి విడిపోతే వీసా పోతుంది. ఇది తెలిసిన కొందరు మగవాళ్లు "నోరెత్తితే ఇండియాకు పంపించేస్తా" అని బెదిరించి కొడతారు. మా ఆవిడ వార్డులో అట్లాంటి తెలుగు అమ్మాయిని చూసింది, మెట్ల మీద జారిపడ్డానని చెప్పిందట. పార్ట్‌నర్ వీసా (అంటే ఇదే వీసా) మీద పోయిన మనిషి గృహహింస వల్ల కాపురం విడిపోతే, ఆ కారణం మీదే తనంతట తాను ఐఎల్ఆర్‌కు అప్లై చేసుకోవచ్చు, భర్త సంతకం అక్కర్లేదు. ఆ లోపల గడవడానికి మూడు నెలల తాత్కాలిక అనుమతి అడగొచ్చు, ఆ మూడు నెలలూ ప్రభుత్వ సాయం కూడా తీసుకోవచ్చు. అమ్మాయిని విమానం ఎక్కించేటప్పుడు పచ్చళ్లు కట్టిస్తారు, పొడులు కట్టిస్తారు, ఈ సంగతి కూడా చెప్పి పంపండి. తన పాస్‌పోర్టు, ఈ-వీసా లాగిన్ తన చేతిలోనే ఉండాలని చెప్పండి.

నాకు మిగిలిన బాధ ఒక్కటే, అమ్మ. నాయన పోయి చాలా ఏళ్లయింది, భవానీ నగర్ ఇంట్లో ఉన్నది నేనూ అమ్మా. తల్లిదండ్రులను శాశ్వతంగా పిలిపించుకోవడానికి బ్రిటన్‌లో వీసా ఉంది కానీ 2012 నుంచి దాని షరతులు ఎంత గట్టివంటే, వయసువల్లో జబ్బువల్లో రోజువారీ పనులకు కూడా ఇంకొకరి సాయం కావాలి, ఆ సాయం ఇక్కడ డబ్బిచ్చినా దొరకదని చూపించాలి. అమ్మ ఇప్పటికీ పొద్దున్నే లేచి గోవిందరాజస్వామి గుడికి నడిచి పోయి వస్తుంది, ఆమె అట్లాగే ఉండాలని నేను రోజూ దండం పెట్టుకుంటాను. విజిటర్ వీసా మీద వస్తే ఒకసారికి ఆరు నెలల దాకా ఉండొచ్చు, అంతే. అందుకని అమ్మ చిత్తూరులో అక్క దగ్గర ఉంటుంది, కొంగారెడ్డిపల్లెలో. అక్క, బావ ఇద్దరూ మనస్ఫూర్తిగా రమ్మన్నారు. బావ కింది గదిలో అమ్మకు ఎత్తు తక్కువ మంచం చేయించాడు, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించాడు. ఆ కడ్డీ ఫొటో చూసి నేను ఏడ్చాను, సిగ్గేమీ లేదు. అమ్మ మాత్రం గుడి ఎంత దూరమని అడిగింది.

అక్కడికి పోయి ఏం చేస్తావని కాలేజీలో అడుగుతున్నారు. 2023 నుంచి ఇంగ్లండులో ఒక దారి తెరిచారు, మన దేశంలో బీఈడీ చేసి, లెక్కలు, సైన్స్ లాంటి సబ్జెక్టులు చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు అక్కడి క్యూటీఎస్, అంటే టీచర్ అర్హతకు నేరుగా అప్లై చేసుకోవచ్చు. నాకు బీఈడీ ఉంది, పేపర్లు సిద్ధం చేస్తున్నాను. అది వచ్చేదాకా ఏ పని దొరికితే ఆ పని చేస్తాను, స్కూల్లో అసిస్టెంటుగా అయినా సరే. వీసా పొడిగించే అప్లికేషన్‌లో రూల్ వేరు, అప్పుడు నేను అక్కడ ఉంటాను కాబట్టి నా జీతం కూడా తన జీతంతో కలిపి లెక్కేస్తారు. తన పే స్లిప్పుల పక్కన నావీ పెట్టాలి. ఇంతకాలం ఒక్కతే ఎన్ని నైట్ డ్యూటీలు అడిగి వేయించుకుందో నాకు తెలుసు. ఈసారి అప్లికేషన్ నాటికి వాటిలో సగమైనా తగ్గించుకొమ్మని ఇప్పటి నుంచే చెప్తున్నాను, చూద్దాంలే అంటోంది.